గోల్స్ పట్టిక చాలదు: యాభైల నాటి ఇంగ్లిష్ వింగర్ ప్రస్థానాన్ని రాయడం ఎలా?

క్రీడాకారుల జీవితచిత్రాలు రాసేవారిలో చాలామంది గోల్స్ లెక్కతో మొదలుపెట్టి ట్రోఫీల లెక్కతో ముగిస్తారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాతి ఇంగ్లిష్ వింగర్ (ఫుట్‌బాల్ మైదానపు అంచున ఆడే దాడి ఆటగాడు) విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. టామ్ ఫిన్నీనే తీసుకోండి. 1946 నుంచి 1960 దాకా ప్రెస్టన్ నార్త్ ఎండ్ అనే ఒక్క క్లబ్‌కే 433 లీగ్ మ్యాచ్‌లు ఆడి 187 గోల్స్ చేశాడు. ఇంగ్లండ్ తరఫున 76 మ్యాచ్‌లలో 30 గోల్స్ చేశాడు. అయినా అతని ఖాతాలో లీగ్ టైటిల్ గానీ ఎఫ్ఏ కప్ గానీ లేవు. ఎందుకు లేవో చెప్పలేని వ్యాసం అతని గురించి ఏమీ చెప్పనట్టే.

ముందుగా యుద్ధకాలాన్ని విడిగా రాసుకోండి. 1939 సెప్టెంబరులో ఆగిపోయిన ఫుట్‌బాల్ లీగ్ 1946 ఆగస్టులో గానీ తిరిగి మొదలుకాలేదు. ఆ నడుమ జరిగిన పోటీలు అధికారిక లెక్కలలోకి రావు. 1922లో ప్రెస్టన్‌లో పుట్టిన ఫిన్నీ 1940లోనే క్లబ్‌తో ఒప్పందం చేసుకున్నాడు, 1941లో ఆర్సెనల్‌పై యుద్ధకాలపు కప్ ఫైనల్ ఆడి, అది డ్రా కావడంతో మళ్లీ ఆడిన మ్యాచ్‌లో (రీప్లే) గెలిచిన జట్టులో ఉన్నాడు, ఆ తరువాత సైనికుడిగా ఈజిప్టు, ఇటలీ రంగాలలో పనిచేశాడు. 1946 ఆగస్టు 31న లీడ్స్ యునైటెడ్‌పై తొలి లీగ్ మ్యాచ్ ఆడేనాటికి అతనికి ఇరవై నాలుగేళ్లు. దీన్ని ‘ఆలస్యంగా వెలుగులోకి వచ్చాడు’ అని రాయకండి. ఆరు సీజన్లు యుద్ధం పాలైన తరువాత మిగిలినవే ఆ 433 మ్యాచ్‌లు.

తరువాత అతను మైదానంలో ఎక్కడ నిలబడేవాడో పాఠకుడికి చూపించాలి. ఆనాటి జట్లలో ఏడో నంబరు కుడి అంచున, పదకొండో నంబరు ఎడమ అంచున ఉండేవారు. ఎదురుగా అంచును కాపాడే రక్షణ ఆటగాణ్ణి (ఫుల్‌బ్యాక్) దాటి, గోల్ ముందు ఉన్న సహచరులకు బంతి అందించడమే వారి ప్రధాన బాధ్యత. (లీగ్‌లో 1965 వరకు సబ్‌స్టిట్యూట్లు లేరు కాబట్టి, గాయపడి కుంటుతున్న ఆటగాణ్ణి వింగ్‌కు పంపడం అప్పటి అలవాటు, ‘వింగ్‌లో ఆడాడు’ అని కనిపించగానే అది అతని అసలు స్థానమని తీర్మానించకూడదు.) ఫిన్నీది సహజంగా ఎడమకాలు, అయినా కుడి వింగ్‌లో స్థిరపడ్డాడు, అవసరమైతే ఎడమ వైపూ ఆడాడు, చివరి సీజన్లలో దాడి మధ్యన ఆడే సెంటర్ ఫార్వర్డ్‌గానూ రాణించాడు. 1947లో లిస్బన్‌లో పోర్చుగల్‌ను ఇంగ్లండ్ 10-0తో ఓడించినప్పుడు కుడి వైపు ఆ కాలపు మరో ప్రఖ్యాత వింగర్ స్టాన్లీ మాథ్యూస్, ఎడమ వైపు ఫిన్నీ ఉన్నారు.

గోల్‌కు బంతి అందించినవారి లెక్కను ఆనాడు అధికారికంగా ఎవరూ రాసి ఉంచలేదు. అందువల్ల మ్యాచ్ కథనాలు చదివి, ప్రతి గోల్‌కు ముందు బంతి ఎవరి కాలి నుంచి వచ్చిందో మీరే గుర్తించాలి. ఇది ఓపిక కావలసిన పని, కానీ దీన్ని తప్పించుకునే దారి లేదు. 1953 ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో బోల్టన్‌పై బ్లాక్‌పూల్ 4-3తో గెలిచింది. స్టాన్ మార్టెన్‌సన్ మూడు గోల్స్ చేశాడు, విజయాన్నిచ్చిన గోల్ బిల్ పెర్రీది. బ్లాక్‌పూల్ వింగర్ మాథ్యూస్ ఒక్క గోల్ కూడా చేయలేదు, అయినా ఆ మ్యాచ్‌కు నిలిచిపోయినది అతని పేరే.

అన్నిటికంటే జాగ్రత్తగా రాయవలసినది డబ్బు విషయం. అప్పటి ఆటగాడి వారపు జీతానికి గరిష్ఠ పరిమితి ఉండేది. 1958లో 20 పౌండ్లకు చేరిన ఆ పరిమితిని 1961 జనవరిలో ఎత్తివేశారు. అప్పటికే ఫిన్నీ ఆట మానుకున్నాడు. పైగా ఒప్పందం ముగిసినా ఆటగాడి రిజిస్ట్రేషన్ క్లబ్ చేతిలోనే ఉండేది, క్లబ్ వదలకపోతే అతనికి వేరే దారి లేదు. 1952లో ఇటలీలోని పలెర్మో క్లబ్ ఫిన్నీకి 10,000 పౌండ్లు, నెలకు 130 పౌండ్ల జీతం, ఇల్లు, కారు ఇస్తామంది. ప్రెస్టన్ ఒప్పుకోలేదు, కథ అక్కడితో ముగిసింది. ఒకే క్లబ్‌కు అంకితమైన జీవితం అని దీన్ని పొగిడే ముందు ఈ నిబంధనను పాఠకుడికి తప్పక చెప్పండి. ఊరిపై అతనికున్న అభిమానం నిజమే, కానీ వెళ్లే స్వేచ్ఛ లేనివాడు ఉండిపోవడాన్ని కేవలం విధేయతగా చూపడం న్యాయం కాదు. పేరొచ్చిన తరువాత కూడా అతను ప్లంబింగ్ వ్యాపారం నడిపాడంటే కారణం ఈ జీతాలే.

ఇక ట్రోఫీల సంగతి. 1952-53 లీగ్‌లో ఆర్సెనల్, ప్రెస్టన్ చెరి 54 పాయింట్లతో సమంగా నిలిచాయి. చేసిన గోల్స్‌ను ప్రత్యర్థులకు ఇచ్చిన గోల్స్‌తో భాగించే అప్పటి పద్ధతిలో ఆర్సెనల్‌ది పైచేయి అయింది. 1954 కప్ ఫైనల్‌లో వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ చేతిలో 3-2 ఓటమి, 1957-58 లీగ్‌లో మళ్లీ రెండో స్థానం. మాథ్యూస్ గొప్పా, ఫిన్నీ గొప్పా అన్న చర్చకు ఒక్క వాక్యం చాలు.

ముగింపు తేదీని సరిగా నిర్ణయించండి. గజ్జ భాగపు గాయంతో ఫిన్నీ 1960లో విరమించాడు, మరుసటి సీజన్‌లోనే ప్రెస్టన్ అప్పటి అత్యున్నత శ్రేణి అయిన ఫస్ట్ డివిజన్ నుంచి దిగిపోయింది. 1963లో నార్తర్న్ ఐర్లండ్ క్లబ్ డిస్టిలరీ తరఫున యూరోపియన్ కప్‌లో బెన్ఫికాపై, 41 ఏళ్ల వయసులో, అతను ఒక మ్యాచ్ ఆడాడు. దాన్ని ప్రెస్టన్ లెక్కలలో కలపకుండా విడిగా ఒక వాక్యంలో రాయండి.