కాన్పు సంచిలో తల్లికి ఏమేం సర్దాలి?

తొమ్మిదో నెల పడగానే ఇంట్లో కాన్పు సంచి మాట మొదలవుతుంది. తీరా సర్దాక తెరిచి చూస్తే బిడ్డ సామానే ఎక్కువ ఉంటుంది: టోపీలు, సబ్బులు, పౌడర్లు. కన్నతల్లికంటూ ఒక నైటీ, ఒక తువ్వాలు. నిజానికి మొదటి పది రోజులూ బిడ్డకు కావాల్సింది తల్లి ఒడి, తల్లి పాలు, పొడి గుడ్డ. పచ్చి ఒంటితో ఉన్న తల్లికే ఎక్కువ వస్తువులు కావాలి. అందుకే సంచిని ఆమెతో మొదలుపెట్టి, 36వ వారానికల్లా సిద్ధం చేయండి. ‘పుట్టకముందే బిడ్డకు ఏమీ కొనకూడదు’ అనే పెద్దవాళ్లున్న ఇంట్లోనూ దీనికి ఎవరూ అడ్డు చెప్పరు.

ముందు కాగితాలు

మాతా శిశు సంరక్షణ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, బ్లడ్ గ్రూప్ కాగితం, ఆధార్ జిరాక్స్ ఒకే కవర్లో పెట్టండి. నొప్పులొస్తే పిలవాల్సిన 108, సర్కారు ఆసుపత్రి నుంచి తల్లీబిడ్డలను ఇంటికి దింపే 102 నంబర్లు దాని మీదే రాసి ఉంచండి.

రక్తస్రావం, కుట్లు

ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడని విషయం ఇదే, అసలు అవసరమూ ఇక్కడే. కాన్పయ్యాక రక్తస్రావం తగ్గుతూ తగ్గుతూ నాలుగు నుంచి ఆరు వారాల దాకా ఉంటుంది. మొదటి రోజుల్లో నెలసరి ప్యాడ్లు ఆగవు. పొడవాటి మెటర్నిటీ ప్యాడ్లు రెండు ప్యాకెట్లు పెట్టండి. లోదుస్తులు కాటన్‌వి, వదులైనవి, బొడ్డు పైదాకా వచ్చేవి కనీసం ఆరు ఉండాలి. పొట్టివైతే ఆపరేషన్ అయినవాళ్లకు ఎలాస్టిక్ సరిగ్గా కుట్ల మీదే ఒరుసుకుంటుంది. గంట తిరక్కుండానే ప్యాడ్ నిండిపోతుంటే ఇంట్లో చూస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మామూలు కాన్పులో కుట్లు పడితే మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ భగ్గున మంట. దీనికి మూతకు సన్న రంధ్రాలున్న మెత్తని ప్లాస్టిక్ సీసా ఒకటి చాలు. గోరువెచ్చని నీళ్లు నింపి, మూత్రం పోస్తున్నంతసేపూ ముందు నుంచి సన్నగా పోసుకుంటుంటే మంట చాలావరకు తెలియదు. తర్వాత మెత్తని గుడ్డతో అద్దుకోవాలి, రుద్దకూడదు. వెస్టర్న్ కమోడ్ మీద అమరే సిట్జ్ టబ్ కూడా మందుల షాపుల్లో దొరుకుతుంది. డాక్టర్ సరేనంటే అందులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని పది నిమిషాలు కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది.

పాలివ్వడానికి

ముందు జిప్పు ఉన్న కాటన్ నైటీలు నాలుగు పెట్టండి. ఫీడింగ్ బ్రాలు ఇప్పుడే అరడజను కొనొద్దు. పాలు పడ్డాక సైజు మారుతుంది కాబట్టి కాస్త పెద్దవి రెండు తీసుకుని, మిగతావి తర్వాత చూసుకోండి. కారే పాలు పీల్చుకోవడానికి పాత కాటన్ చీర ముక్కలు మడతలు పెట్టి కుడితే సరిపోతుంది. పాలు పిండే పంపు కూడా అవసరం పడ్డాకే కొనండి.

పాల సీసా, డబ్బా పాలు మాత్రం సంచిలో వద్దు. వీటి ప్రచారాన్ని మన దేశం 1992లోనే చట్టం చేసి నిషేధించింది. పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలల దాకా తల్లి పాలే. పిండిన పాలు పట్టాల్సి వస్తే, నీళ్లలో మరిగించిన ఉగ్గుగిన్నె, చెంచా ఉండనే ఉన్నాయి.

నీళ్లు, మాత్రలు

స్ట్రా ఉన్న లీటరు బాటిల్ తప్పకుండా పెట్టండి. బిడ్డ ఒళ్లో ఉన్నా ఒంటి చేత్తో తాగొచ్చు. పొట్ట వస్తుందని బాలింతకు నీళ్లు తగ్గించే ఇళ్లు ఇంకా ఉన్నాయి, అది చూస్తే బాధేస్తుంది. తల్లి పాలలో 87 శాతం దాకా నీళ్లే. పైగా నీళ్లు చాలకపోతే మలబద్ధకం, దాంతో కుట్లకు మరింత నొప్పి. వెల్లుల్లి కారం పెట్టండి, కాయం పెట్టండి, దాహం వేసినప్పుడల్లా నీళ్లూ ఇవ్వండి. కాన్పు తర్వాత 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలి. క్యాల్షియం మాత్ర వేరే పూట వేసుకోండి, రెండూ కలిపి వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు.

ఇక బిడ్డకు

ఉతికి ఎండలో ఆరేసిన పాత కాటన్ గుడ్డలు రెండు డజన్లు, టోపీ, సాక్సులు, దోమతెర. పౌడర్, కాటుక అక్కర్లేదు. బొడ్డు మీద ఏమీ రాయకుండా పొడిగా వదిలేయండి. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లోని 16 వస్తువుల్లో తల్లికి చీరలు కూడా పెట్టారు. సర్కారు ఆసుపత్రిలో కాన్పయితే ఇప్పుడు ఏమిస్తున్నారో ఆశా కార్యకర్తను అడిగాకే షాపుకు వెళ్లండి.

చూడ్డానికి వచ్చేవాళ్లకు

ఏం తెమ్మంటారని అడిగితే మొహమాటపడకండి. మూడు నెలలకే బిగుతయ్యే గౌన్ల కన్నా మంచి ఫ్లాస్కు, ప్యాడ్ల ప్యాకెట్లు, ఒక పూట వంట వెయ్యి రెట్లు నయం. తల్లి రెండు గంటలు నిద్రపోయేలా బిడ్డను చూసుకునే మనిషి దొరికితే ఇంకేం కావాలి!

కాన్పయ్యాక కొన్నాళ్లు ఊరికే ఏడుపొస్తుంది. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, బిడ్డ మీద మనసు పోకపోయినా డాక్టర్‌కు చెప్పండి. మనసు బాగోలేనప్పుడు సాయం చేసే సర్కారు హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంచండి. ఏ వేళలోనైనా ఉచితంగా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.