సందేహం తీరకుండానే స్పీచ్ పాథాలజీ మాస్టర్స్‌కు దరఖాస్తు చేస్తున్నారా? సీజన్‌కు ముందు కొన్ని జాగ్రత్తలు

అమెరికాలో స్పీచ్-లాంగ్వేజ్ పాథాలజీ, అంటే మాట, భాష సమస్యలకు థెరపీ ఇచ్చే వృత్తి, మాస్టర్స్ దరఖాస్తుల కాలం వేసవిలో మొదలై మరుసటి ఏప్రిల్ దాకా నడుస్తుంది. ఉమ్మడి దరఖాస్తు పోర్టల్ సీఎస్‌డీకాస్ తెరుచుకుంటుంది, ఎక్కువ విశ్వవిద్యాలయాల గడువులు డిసెంబరుకూ ఫిబ్రవరికీ మధ్య వచ్చిపడతాయి, వసంతం మొదట్లో జవాబులు అందుతాయి. ఇంత పొడవైన కాలంలో ‘అసలు నాకు ఈ పని కావాలా?’ అన్న అనుమానం రావడం మామూలే. అనుమానం వల్ల నష్టం లేదు. గడువు ముంచుకొచ్చిందని దరఖాస్తు పెట్టేసి, సీటు వచ్చిందని డిపాజిట్ కట్టేసి, డబ్బు కట్టాం కదా అని చేరిపోయేవాళ్లకే నష్టం. వాళ్ల బదులు తేదీలే నిర్ణయం తీసేసుకుంటాయి. అలా జరగకుండా చూసుకోవడానికే ఈ జాగ్రత్తలు.

సందేహం దేని మీద?

పోర్టల్‌లో ఖాతా తెరవక ముందే తేల్చుకోవాల్సింది ఇది. పని మీద సందేహం ఒక రకం. రోజూ పిల్లల చేత ఒకే శబ్దం పలికించడం, పక్షవాతం వచ్చి మాట పోయిన పెద్దాయన ‘నీళ్లు’ అనే మాట కోసం వెతుక్కుంటుంటే తొందరపెట్టకుండా ఆగడం నాకు పడుతుందా అన్నది అసలు ప్రశ్న. ఖర్చు మీద సందేహం ఇంకో రకం. పని ఇష్టమే, అప్పంటేనే భయం. మూడోది సీటు రాదేమోనన్న భయం. ఇది వేషం మార్చుకుని ‘నాకు ఈ వృత్తి మీద పెద్దగా ఆసక్తి లేదులే’ అని మాట్లాడుతుంది. ఎదుటివాళ్లు కాదనే లోపల మనమే కాదనుకోవడం అన్నమాట.

వీటిని విడదీయడానికి ఒక చిన్న ఊహ చాలు. మీకు నచ్చిన చోట సీటు ఖాయమైందనీ, ఫీజు మొత్తం వాళ్లే భరిస్తారనీ అనుకోండి. మనసు తేలికపడితే మీ సందేహం పని మీద కాదు, డబ్బు మీదో, పోటీ మీదో ఉంది. అప్పటికీ బరువుగానే ఉంటే, ఈ ఏడాది దరఖాస్తు రాయడం కంటే పనిని దగ్గర నుంచి చూడటం ముఖ్యం.

అర్ధరాత్రి వేళ, ఉద్యోగంతో విసిగిపోయినవాళ్ల రాతలు చదివి తెచ్చుకున్న సందేహాన్ని వేరుగా పక్కన పెట్టండి. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఎక్కడ పని చేస్తూ ఆ మాట అంటున్నారో తెలియకుండా చదివితే మీకు భయం తప్ప సమాచారం మిగలదు.

ఫీజు కట్టే ముందు పనిని చూడండి

అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్, అందరూ పిలిచే పేరు ఆషా, ఇచ్చే సర్టిఫికెట్‌కు 400 క్లినికల్ గంటలు కావాలి. అందులో 25 గంటలు పరిశీలన, మిగిలిన 375 నేరుగా మనుషులతో పని. ఆ 25 గంటలను చాలామంది డిగ్రీ రోజుల్లోనే వీడియోలు చూస్తూ పూర్తిచేస్తారు. నిబంధన తీరుతుంది గానీ సందేహం తీరదు. వీడియోలో వాసన ఉండదు, ఆలస్యం ఉండదు, మధ్యలో ఏడ్చే తల్లి ఉండదు. కనీసం రెండు వేర్వేరు చోట్ల, ఒకటి బడిలో, ఇంకొకటి ఆసుపత్రిలోనో, వృద్ధులూ కోలుకుంటున్న రోగులూ ఉండే నర్సింగ్ ఫెసిలిటీలోనో, థెరపిస్టు పక్కన నిలబడి చూడండి. ఆసుపత్రుల్లో ఇందుకు టీకాల రుజువులు, నేపథ్య తనిఖీ, గోప్యత పత్రాలు అడుగుతారు. వాటికి వారాలు పడతాయి కాబట్టి వేసవిలోనే అడగండి. నవంబరులో అడిగితే జవాబు వచ్చేసరికి గడువు దాటిపోతుంది.

ఆసుపత్రిలో చాలామందిని ఆశ్చర్యపరిచే విషయం మింగుడు. ‘స్పీచ్’ అన్న పేరు చూసి వచ్చినవాళ్లకు, పెద్దల వైద్యంలో పని చాలావరకు మాటది కాదు, మింగడానిది అని అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. తిండి ఊపిరితిత్తుల్లోకి జారుతోందా అని బేరియం కలిపిన ఆహారం ఇచ్చి ఎక్స్‌రే కింద చూస్తారు, లేదా ముక్కు గుండా సన్నని కెమెరా పంపి చూస్తారు. కఫం, దగ్గు, శ్వాసగొట్టం, నోరు శుభ్రం చేయడం అన్నీ ఉంటాయి. ఇక కాఫీ మీద ప్రాణం పెట్టుకున్న ముసలాయనకు ఊపిరితిత్తుల్లోకి జారకుండా చిక్కబరిచిన కాఫీ ఇచ్చి, ఆయన ముఖంలోకి చూడాల్సి రావడం ఒకటుంటుంది. అది చూసి ‘ఇది నాది కాదు’ అనిపిస్తే తప్పు లేదు, బడి ఉంది. ‘ఇదే నాది’ అనిపించేవాళ్లూ ఉంటారు. రెండూ ముందే తెలియడం మేలు.

బడిలో పని వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఉన్న ఐడీఈఏ చట్టం కింద నడుస్తుంది. ప్రతి పిల్లవాడికీ ఐఈపీ అనే వ్యక్తిగత విద్యా ప్రణాళిక, దానికి సమావేశాలు, గడువులు, కొలిచి రాసే లక్ష్యాలు ఉంటాయి. ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలన్న దాని మీద దేశమంతటికీ వర్తించే పరిమితి లేదు. కొన్ని రాష్ట్రాలు పెట్టుకున్నాయి, చాలాచోట్ల యాభై దాకా వెళ్తుంది, ఆపైనా ఉంటుంది. అందుకే బడికి చూడటానికి వెళ్లినప్పుడు ఆటబొమ్మలతో సాగే అరగంటను మాత్రమే చూసి రాకండి. ఆ అరగంట తర్వాత రాసే నోట్సు, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) బిల్లింగు, మధ్యాహ్నం ఇంకో బడికి పరుగు, ఇవన్నీ అయ్యేదాకా ఉండండి.

నర్సింగ్ ఫెసిలిటీల్లో జీతాలు ఎక్కువ. అక్కడ వినిపించే మాట ప్రొడక్టివిటీ. పని గంటల్లో 85 శాతం, ఆపైన కూడా బిల్లు వేయదగ్గ సమయమే కావాలని అడిగే సంస్థలున్నాయి. అంటే నోట్సు రాయడానికీ, నర్సుతో మాట్లాడటానికీ మిగిలేది చాలా తక్కువ. 2019 అక్టోబరు 1న మెడికేర్, అంటే వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా, చెల్లింపుల పద్ధతి మారాక థెరపీ నిమిషాలను బట్టి డబ్బు రావడం ఆగిపోయి, చాలాచోట్ల థెరపిస్టుల గంటలు కోశారు. విసిగిపోయిన గొంతుల్లో కొన్ని ఇక్కడి నుంచి వచ్చినవే. ప్రైవేటు క్లినిక్కుల్లో సమస్య వేరు. విజిట్‌కు ఇంత అని ఇచ్చే చోట పిల్లవాడికి జ్వరం వచ్చి రాకపోతే ఆ రోజు మీ జీతమూ రాదు.

పక్కన నిలబడ్డప్పుడు ‘మీకు ఈ పని ఇష్టమేనా?’ అని అడగకండి. మర్యాదకు అవునంటారు. ‘నిన్నటి రోజు ఎలా గడిచిందో గంట గంటకూ చెప్పండి’ అనండి. ‘కాగితం పని ఎక్కడ పూర్తిచేస్తారు, ఇంట్లోనా?’ అనండి. అన్నిటికంటే పనికొచ్చేది ‘ఇక్కడికి ముందు ఎక్కడ చేశారు, ఎందుకు మారారు?’ అన్న ప్రశ్న. ఒకే లైసెన్సుతో ఇన్ని చోట్లకు మారే వీలుండటమే ఈ వృత్తికి పెద్ద బలమని నా అభిప్రాయం. ఆ మార్పుల కథలు వింటే మీ సందేహం మొత్తం వృత్తి మీదా, ఒక్క కొలువు మీదా అన్నది తెలిసిపోతుంది.

డిగ్రీలో వేరే సబ్జెక్టు చదివినవాళ్లకు ఇంకో మాట. ఫొనెటిక్స్, మాటకు సంబంధించిన శరీర నిర్మాణం, భాషాభివృద్ధి, ఆడియాలజీ వంటి ముందస్తు కోర్సులకు మీరు వేలల్లో డబ్బు కట్టాలి. పని చూడటం ఉచితం. వరస తిప్పకండి.

అప్పు లెక్క ఈసారి కొత్తగా వేయండి

ఇంతకు ముందు చదివినవాళ్ల సలహా ఇక్కడ పనిచేయదు. 2025 జూలై 4న వచ్చిన చట్టం ప్రకారం, 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ రుణాలు, అంటే మిగిలిన ఖర్చంతటికీ గ్రాడ్యుయేట్ విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చిన అప్పులు, లేవు. మామూలు గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఫెడరల్ రుణం ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద లక్ష డాలర్లు దాటదు. రెండేళ్ల కోర్సుకు 41,000 అన్నమాట. ఫీజు, ఇంటి అద్దె, ప్రాక్టికమ్‌కు (బయటి క్లినిక్కుల్లో చేసే శిక్షణకు) తిరగడానికి కారు అన్నీ కలిపి అంతకు మించితే తేడా మీ చేతి నుంచో ప్రైవేటు రుణం నుంచో రావాలి. ప్రైవేటు రుణాలకు సహసంతకం అడుగుతారు, పైగా అవి ప్రభుత్వోద్యోగుల రుణమాఫీ కిందకు రావు. ఆ మాఫీకి 120 నెలసరి చెల్లింపులు, ప్రభుత్వ బడి లేదా లాభాపేక్ష లేని ఆసుపత్రి వంటి యజమాని కావాలి. లాభాల కోసం నడిచే నర్సింగ్ ఫెసిలిటీ లెక్కకు రాదు.

అటువైపు ఆదాయం చూడండి. అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో ప్రకారం 2023 మేలో ఈ వృత్తి మధ్యస్థ వార్షిక వేతనం 89,290 డాలర్లు. ఇది అనుభవం ఉన్నవాళ్లనూ కలిపి వేసిన లెక్క, బడుల్లో ఇంకా తక్కువ ఉంటుంది. మాస్టర్స్ అయ్యాక మొదటి మెట్టు క్లినికల్ ఫెలోషిప్, అంటే పర్యవేక్షణలో పనిచేసే కాలం. అది కనీసం 36 వారాలు, 1,260 గంటలు. జీతం ఇస్తారు గానీ కొన్నిచోట్ల తక్కువ ఇస్తారు. నన్నడిగితే, సందేహం ఉన్నవాళ్లు పేరున్న ఖరీదైన విశ్వవిద్యాలయం జోలికి పోనక్కర్లేదు. ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే మండలి సీఏఏ గుర్తింపు ఉన్న ఏ ప్రోగ్రామ్ నుంచి వచ్చినా సర్టిఫికెట్ ఒకటే, దానికి రాసే ప్రాక్సిస్ పరీక్షలో దాటాల్సిన మార్కు 162 ఒకటే. రేపు మనసు మారితే తేలిగ్గా బయటపడనిచ్చేది తక్కువ అప్పే.

దరఖాస్తు రాసేటప్పుడు

ఎన్ని చోట్లకు పెట్టాలన్న దగ్గర సందేహం రెండు రకాలుగా ఆటాడిస్తుంది. కొందరు అనుమానాన్ని అణచడానికి పన్నెండు, పదిహేను చోట్లకు పెడతారు. ప్రతిదానికీ ఫీజు ఉంటుంది. కొందరు చేతులెత్తేయడానికి సాకు దొరుకుతుందని, అందని రెండు చోట్లకే పెడతారు. రెండోదే ఎక్కువ ప్రమాదం. తిరస్కరణ లేఖ మీ మార్కుల గురించి ఏదో చెబుతుంది గానీ, మీకు ఈ పని సరిపడుతుందా అన్న సంగతి చెప్పదు. ఆషా వారి ప్రోగ్రామ్‌ల ఆన్‌లైన్ జాబితా ఎడ్‌ఫైండ్‌లో ప్రతి ప్రోగ్రామ్‌కూ ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎంతమందిని తీసుకున్నారు అన్నది ఉంటుంది. దాన్ని చూసి, నిజంగా చేరాలనుకునే చోట్లకు మాత్రమే పెట్టండి.

సీఎస్‌డీకాస్‌లో ప్రతి కోర్సునూ మీరే ఎక్కించాలి. జీపీఏను అది తన పద్ధతిలో మళ్లీ లెక్కిస్తుంది, తప్పి మళ్లీ రాసిన కోర్సుల రెండు మార్కులనూ కలుపుతుంది. మీ కాలేజీ కాగితం మీది అంకెను నమ్ముకోకండి. వాళ్ల తనిఖీ పూర్తవడానికి వారాలు పడుతుంది కాబట్టి గడువు రోజుదాకా ఆగకండి. జీవశాస్త్రం, భౌతిక లేదా రసాయన శాస్త్రం, స్టాటిస్టిక్స్, సామాజిక శాస్త్రం, ఈ నాలుగూ సర్టిఫికెట్‌కు తప్పనిసరి. ఏది మిగిలిందో ఇప్పుడే చూసుకోండి.

వ్యక్తిగత వ్యాసంలో సందేహాన్ని ఒప్పుకోనక్కర్లేదు, లేని కలను అతికించనూ వద్దు. ‘చిన్నప్పటి నుంచీ ఇదే నా ఆశయం’ అనే వాక్యం చదివీ చదివీ ఎంపిక కమిటీలకు విసుగొచ్చి ఉంటుంది. మీరు చూసిన ఒక సెషన్ రాయండి. థెరపిస్టు ఏం చేశారు, ఎందుకు చేశారని మీరు అనుకున్నారు, ఏది అర్థం కాలేదు అన్నవి రాయండి. అది నిజం కూడా, బలంగా కూడా ఉంటుంది. ఇలాంటి ఒక్క సెషన్ కూడా గుర్తుకు రాకపోతే అదే మీకు జవాబు కావచ్చు.

సిఫారసు లేఖలు రాసే గురువులకు కనీసం నెల ముందు చెప్పండి. మీ ఊగిసలాటను వాళ్ల ముందు పెట్టకండి. దానికి లేఖ రాయని ఇంకొకరిని వెతుక్కోండి.

ఇక ఏడాది ఆగడం గురించి. ఆగితే దారి మూసుకుపోదు. చాలా రాష్ట్రాల్లో స్పీచ్ థెరపీ అసిస్టెంట్‌గా పని చేయవచ్చు, అర్హతలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. బడిలో సహాయకులుగా, ఆసుపత్రి పునరావాస విభాగంలో ఎయిడ్‌గా చేరవచ్చు. ఒక్క జాగ్రత్త: కొన్ని ప్రోగ్రామ్‌లు పాతబడిన కోర్సులను ఒప్పుకోవు, ఆగే ముందు అడగండి. ఆగడమంటే ఇంట్లో కూర్చుని ఆలోచించడం మాత్రం కాకూడదు. కుర్చీలో కూర్చుంటే ఈ సందేహం పెరగడమే గానీ తరగడం నేను చూడలేదు.

విద్యార్థి వీసా మీద వచ్చేవాళ్లు

మీకు ఫెడరల్ రుణాలు రావు. చదువయ్యాక పని చేయడానికిచ్చే అనుమతి, ఓపీటీ, మామూలుగా 12 నెలలు, 36 వారాల ఫెలోషిప్ అందులోనే ఇమడాలి. ఉద్యోగం దొరకడం రెండు నెలలు ఆలస్యమైనా లెక్క బిగుసుకుంటుంది. తర్వాత వృత్తి వీసాకు వెళ్లేటప్పుడు నర్సుల్లాగే ఈ వృత్తివాళ్లకూ ఆరోగ్య కార్యకర్తల ధ్రువపత్రం అవసరం. కాబట్టి ‘చేరాక చూద్దాం’ అన్న మాట మీకు మిగతావాళ్ల కంటే ఖరీదు.

సీటు వచ్చాక

అంగీకార లేఖ వచ్చిన రోజు సంతోషంలో సందేహం మాయమవుతుంది, వారానికి తిరిగొస్తుంది. అందుకే లేఖ రాక ముందే, జనవరిలోనే, ‘ఎంత ఖర్చు దాటితే చేరను, ఏ సంగతి తేలకపోతే చేరను’ అని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆర్థిక సాయంతో వచ్చిన ఆహ్వానాలకు జవాబివ్వడానికి చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు ఒప్పుకున్న తేదీ ఏప్రిల్ 15. డిపాజిట్ తిరిగి ఇస్తారా, సీటును ఏడాది వాయిదా వేస్తారా అన్నవి ముందే ఈమెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. చాలాచోట్ల రెండూ కుదరవు. డిపాజిట్ పోయినా అది చిన్న మొత్తమే. దాన్ని కాపాడుకోవడానికి మొదటి సెమిస్టర్ ఫీజు కట్టడం మాత్రం మామూలుగా జరిగే పెద్ద పొరపాటు.

చేరకూడదని తేలితే ఆ రోజే ప్రోగ్రామ్‌కు రాయండి. వెయిటింగ్ లిస్టులో ఇంకొకరు ఎదురుచూస్తుంటారు. లేఖలు రాసినవాళ్లకూ రెండు వాక్యాల్లో చెప్పండి, మళ్లీ వాళ్ల అవసరం పడవచ్చు. పరిశీలన గంటల పట్టిక, దాని మీద పర్యవేక్షకుల సంతకం, వాళ్ల ఆషా నంబరు ఉన్న అసలు కాగితం దాచి, ఒక స్కాన్ తీసి పెట్టుకోండి.