డిప్రెషన్ మాత్రలు వాడుతుండగా బరువు మారితే ఏం చేయాలి?

గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ సూర్యారావుపేటలోనో డాక్టరుగారికి చూపించుకుని, మూడు నెలలుగా డిప్రెషన్ మాత్రలు వాడుతున్న మనిషి ఏ పెళ్ళికో వెళితే, చుట్టాలు ముందుగా అనే మాట ‘కాస్త ఒళ్లు చేసినట్టున్నావే’ అని. వాళ్ళు మెచ్చుకోలుగానే అంటారు గాని, ఆ ఒక్క మాటకు ఆ రాత్రి నుంచే మాత్రలు మానేసినవారు నాకు తెలిసినవారిలోనే ఉన్నారు. బరువు పెరగడం నిజమైన ఇబ్బందే. అయితే దాన్ని మాత్రలు మానేసి కాకుండా, మొదటి రోజు నుంచి బరువు రాసిపెట్టుకుని, ఆ లెక్కను డాక్టరు ముందు పెట్టి తేల్చుకోవాలి.

మాత్ర మొదలుపెట్టే రోజునే ఒక చిన్న నోటుపుస్తకం తీసి, తేదీ, మాత్ర పేరు, మోతాదు, బరువు, పొట్ట చుట్టుకొలత రాయండి. ఆ తర్వాత వారానికి ఒక్కసారి, ఒకే కాటా మీద, పొద్దున కాలకృత్యాలు తీర్చుకుని టిఫిన్ చేయకముందు తూచుకుంటే చాలు. రోజూ తూచుకుంటే ఒంట్లో నీటి హెచ్చుతగ్గులే కనబడి మనసు పాడవుతుంది. చుట్టుకొలతను చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. మనవారికి మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువగా లెక్కిస్తారు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) విషయానికి వస్తే మనకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం; అంటే 160 సెంటీమీటర్ల ఎత్తున్నవారికి సుమారు 59 కిలోలు, 64 కిలోలు. మొదలుపెట్టినప్పటి బరువులో నూటికి 5 వంతులు పెరిగితే, అంటే 60 కిలోల మనిషి 63కు చేరితే, తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పడం మంచిది.

మాత్రలన్నీ ఒకే తీరుగా పనిచేయవు. మిర్టాజపిన్ మెదడులో నిద్రనూ ఆకలినీ అదుపులో ఉంచే హిస్టమిన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది కనుక నిద్రతో పాటు ఆకలినీ బాగా పెంచుతుంది. అమిట్రిప్టిలిన్ కూడా దాదాపు అంతే. పరోక్సెటిన్‌తో నెలలు గడిచేకొద్దీ బరువు పెరగవచ్చు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వాడేవారిలో చాలామందికి మార్పు కొద్దిగానే ఉంటుంది. ఫ్లుయోక్సెటిన్ మొదట్లో ఆకలి తగ్గించినా, తగ్గిన బరువు తర్వాత తిరిగి రావడం మామూలే. బుప్రోపియాన్ సాధారణంగా బరువు పెంచదు గాని, ఫిట్స్ ఉన్నవారికి దాన్ని ఇవ్వరు. బ్రిటన్‌లో సుమారు 3 లక్షల మంది వైద్య రికార్డులను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు పెరిగే అవకాశం మాత్రలు మొదలుపెట్టాక రెండో, మూడో సంవత్సరాలలో ఎక్కువగా కనిపించింది. పాత చీటీ మీదే ఏళ్ల తరబడి మందుల షాపులో మాత్రలు తెచ్చుకునేవారు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే వారి బరువును చూసేవారే ఉండరు.

తప్పంతా ఆ మాత్రదే అనుకునే ముందు రెండు విషయాలు చూసుకోండి. డిప్రెషన్‌లో తిండి సహించక చిక్కిపోయిన మనిషి కోలుకుంటూ పాత బరువుకు రావడం దుష్ఫలితం కాదు, ఆరోగ్యం. అందుకే జబ్బు చేయకముందు ఎంత ఉండేవారో కూడా పుస్తకంలో రాయమంటాను. రెండవది, చీటీలో ఇంకా ఏమున్నాయన్నది. ఒలాంజపిన్, క్వెటియాపిన్, సోడియం వాల్‌ప్రొయేట్ వంటివి చాలా డిప్రెషన్ మాత్రల కన్నా ఎక్కువ బరువు పెంచగలవు, పైగా ఒలాంజపిన్, ఫ్లుయోక్సెటిన్ రెండూ కలిసిన మాత్రలు కూడా ఉన్నాయి. థైరాయిడ్, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించాలా అని డాక్టరునే అడగండి. కాళ్ళు వాచి, ఆయాసంతో బరువు గబగబా పెరిగితే అది కొవ్వు కాకపోవచ్చు, వెంటనే చూపించుకోవాలి.

తిండి దగ్గర మనవాళ్ళు ముందు గోంగూరనూ పచ్చళ్ళనూ నిందిస్తారు గాని, బరువు పెంచేది ఆవకాయతో పాటు కలిసే నెయ్యి, దానికోసం రెండోసారి వడ్డించుకునే అన్నం. మొదటిసారి వడ్డించుకున్న అన్నంతోనే ఆపి, పప్పునూ కూరనూ పెంచితే కడుపు నిండుతుంది. మిర్టాజపిన్ పడుకునే ముందు వేసుకునేది కనుక ఆకలి రాత్రి పది తర్వాత పట్టుకుంటుంది. ఆ వేళకు ఇంట్లో మిక్స్చర్ పొట్లం ఉంటే ఖాళీ కావలసిందే. అందుకని వేయించిన శనగలో, ఒక జామకాయో, కప్పు పెరుగో ముందే విడిగా పెట్టుకోండి. అమిట్రిప్టిలిన్‌తో నోరు ఎండిపోతుంది. బెజవాడ ఎండలో ఆ దాహానికి కూల్ డ్రింకులూ చెరకురసమూ తాగితే, మాత్ర చేయని బరువును చక్కెర చేస్తుంది. దానికి మంచినీళ్ళు, పల్చటి మజ్జిగ చాలు.

నడక వారానికి 150 నిమిషాలు ఉండాలి. విజయవాడలో రాజీవ్ గాంధీ పార్కయినా, గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియమయినా సరే, వేసవిలో మాత్రం ఎండ ముదరకముందే ముగించుకోవాలి. అమిట్రిప్టిలిన్ చెమటను తగ్గిస్తుంది కనుక ఆ మాత్ర వాడేవారికి వడదెబ్బ భయం ఎక్కువ.

డాక్టరు దగ్గర ‘లావైపోతున్నానండీ’ అని ఊరుకోకండి. ‘డాక్టరుగారూ, మొదలుపెట్టినప్పుడు 62 కిలోలు, పది వారాలకు 66 అయింది, రాత్రిపూట ఆకలి ఆగడం లేదు, మనసు మాత్రం బాగుంది’ అని చెబితే ఆయనకు దారి దొరుకుతుంది. మోతాదు సవరించడం, మాత్ర మార్చడం, కొందరికి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర జోడించడం వంటి మార్గాలు ఉన్నాయి. మరే మాత్రతోనూ రాని మేలు ఈ మాత్రతో వచ్చి ఉంటే, దానినే ఉంచి తిండినీ నడకనూ సరిచేసుకుందామని ఆయన అనవచ్చు. నా మటుకు నాకు అది న్యాయమైన సలహాగానే తోస్తుంది. సొంతంగా మానేయడం మాత్రం వద్దు. పరోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటివి ఒంట్లో నుంచి త్వరగా పోతాయి కనుక ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, వికారం, తలలో కరెంటు కొట్టినట్టు జలదరింపులు రావచ్చు, జబ్బు కూడా తిరగబెట్టవచ్చు. అటువంటప్పుడో, చావు ఆలోచనలు వచ్చినప్పుడో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే నేరుగా ప్రభుత్వ సర్వజనాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

బరువు తగ్గుతున్నవారు ఇలాగే రాసుకుంటూ, వికారం ఉంటే మాత్రను భోజనం తర్వాత వేసుకోవచ్చా అని అడగాలి. పెద్ద వయసువారు ఒక నెలలో నూటికి 5 వంతులు తగ్గితే ఆలస్యం చేయకూడదు. డాక్టరు మాత్ర మార్చిన తర్వాత బరువు వెంటనే దిగదు. మారిన తేదీ రాసుకుని, కనీసం మూడు నెలల పాటు వారం వారం తూచుకుంటూ ఉండాలి.