పిల్లలకు ఆఫ్రికా జంతువుల అక్షరాల పుస్తకం ఎలా చేయాలి?

నలుగురు మనవలకు నాలుగు పుస్తకాలు చేశాను. బొమ్మలు గీయడం పెద్ద పనేం కాదు. కోఠిలో పది డ్రాయింగ్ షీట్లు, క్రేయాన్లు, ఒక నల్ల మార్కర్ కొనండి. అయిదేసి షీట్లు కట్టగా మడిచి, మధ్యలో దబ్బనంతో బెజ్జాలు పెట్టి దారంతో కుట్టేయండి. స్టేప్లర్ పిన్నులు వద్దు, చిన్న వేళ్ళకు గుచ్చుకుంటాయి. స్కెచ్ పెన్నులు అసలే వద్దు, రంగు వెనక పేజీలోకి దిగుతుంది. పేజీకి ఒక్క అక్షరం, ఒక్క జంతువు.

అసలు తంటా అక్షరానికి జంతువును వెతకడంలో ఉంది. ప అనగానే చాలామంది పులిని వేసేస్తారు. ఆఫ్రికా అడవుల్లో పులి లేదండీ! అక్కడ పాముంది, దాన్ని వేయండి. ఎ కి ఎలుగుబంటి కూడా కుదరదు, ఎలాండ్ అనే పెద్ద జింక కుదురుతుంది.

సరైన జంతువైనా బొమ్మ తప్పు కావచ్చు. మొదటి పుస్తకంలో ఏ కి నేను మన గుడి ఏనుగునే గీశాను. నెహ్రూ జూపార్కులో ఏనుగును చూసి మనవరాలు, "అమ్మమ్మా, ఇది ఆఫ్రికా నుంచి వచ్చిందా?" అంది. అచ్చం నా బొమ్మలాగే ఉంది మరి! ఆఫ్రికా ఏనుగు చెవులు చేటలంత ఉండి భుజాల మీదికి వస్తాయి, ఆడవాటికీ దంతాలుంటాయి. అక్కడి ఖడ్గమృగానికి రెండు కొమ్ములు, మన కాజీరంగాలో దానికి ఒక్కటే. చీతా గీస్తే కంటి మూల నుంచి నోటిదాకా నల్ల గీత మర్చిపోకండి, అది లేకపోతే చిరుత అనుకుంటారు.

ఇంకో పొరపాటు, ఇంగ్లీష్ ఏబీసీ పుస్తకాన్ని తెలుగులోకి దించేయడం. జ కి జిరాఫీ అని రాస్తే, జ నేర్చుకునే పిల్ల "ఆ గుడి ఎందుకుంది?" అంటుంది. అందుకే హల్లులకు ముందు తలకట్టు మాటలు వెతకాలి: ఖ కి ఖడ్గమృగం, గ కి గద్ద, న కి నక్క. దొరకకపోతే అక్షరం ఎర్రగా, గుణింతం గుర్తు నల్లగా రాయండి. అచ్చులతో ఈ బాధ లేదు: ఇంపాలా అనే జింక, ఊసరవెల్లి, ఒకాపి. ఒకాపి కాళ్ళకు జీబ్రా చారలున్నా చుట్టరికం జిరాఫీతో. కాంగో అడవుల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు.

ళ తో మాట మొదలవదు కాబట్టి ముళ్ళపంది వేసి, మధ్యలో ళ్ళ కి ఎర్ర రంగు వేస్తాను. ఙ, ఞ వదిలేయండి, టెన్షన్ పడొద్దు.

అట్ట మీద పేరు పిల్ల చేతే రాయించండి. వంకరగా వస్తే దిద్దకండి.