కుక్కతో విదేశీ ప్రయాణమా? చిప్ ముందు, టీకా తర్వాత

పోయిన నెల తిరుపతి నుంచి జర్మనీ వెళ్లిన ఒక కుటుంబం తమ లాబ్రడార్‌ను బంధువుల ఇంట్లో వదిలేసి విమానం ఎక్కింది. వీసాలు వచ్చాయి, క్రేట్ (కుక్కను పెట్టి తీసుకెళ్లే పెట్టె) కొన్నారు, రేబిస్ టీకా వేయించారు, ఆ టీకా పనిచేసిందో లేదో చూసే రక్తపరీక్ష ఫలితం కూడా బాగానే వచ్చింది. చెన్నైలో కాగితాలు చూసిన అధికారి రెండు తేదీలు పక్కపక్కన పెట్టి ఒకటే అడిగారట: "టీకా జనవరిలో వేశారు, చిప్ ఫిబ్రవరిలో పెట్టారు. ఇదెట్లా?" ఆ ఇంట్లో ఎవరికీ జవాబు తెలియలేదు. ఎందుకంటే అందులో తప్పుందనే వాళ్లకు తెలియదు.

తిరుపతిలో, చిత్తూరులో ఇలా ఆగిపోయిన కుక్కలను నేను చాలానే చూశాను. సెలవులు అయిపోయి కుటుంబాలు విదేశాలకు బయల్దేరే కాలం వస్తోంది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. కుక్కకు నీళ్లు పెట్టండి, టికెట్ ముందుగా చేయించుకోండి లాంటివి ఇందులో ఉండవు. అవి మీకు తెలుసు.

అందరూ చేసే తప్పు

చిప్ (కుక్క చర్మం కింద పెట్టే చిన్న మైక్రోచిప్) ముందు పెట్టించాలి. రేబిస్ టీకా ఆ తర్వాతే వేయించాలి. మీ కుక్కకు ఐదేళ్లుగా ఏటా టీకా వేయిస్తున్నా సరే, చిప్ పెట్టక ముందు వేసినవేవీ యూరప్, బ్రిటన్, అమెరికా లెక్కలోకి రావు.

కారణం చాలా మామూలుది. చిప్ కుక్కకు ఆధార్ లాంటిది. టీకా పత్రం మీద ఉండే పదిహేను అంకెల నంబరు, స్కానర్ పెడితే కుక్క మెడ దగ్గర కనిపించే నంబరు ఒకటైతేనే ఆ టీకా ఈ కుక్కకు వేసిందని రుజువు. నంబరే లేని రోజున వేసిన టీకా ఏ కుక్కకు వేశారో ఎవరు చెప్పగలరు? పేరు టామీ, రంగు గోధుమ అని రాస్తే సరిపోదు. తిరుపతిలోనే ఎంతమంది టామీలు ఉన్నారో!

మన దగ్గర ఈ తప్పు ఎలా జరుగుతుందో చెప్తాను. కుక్కపిల్లను తెచ్చుకున్న మూడో నెలలో టీకా మొదలవుతుంది. చిప్ గురించి అడిగేవాళ్లు లేరు, కాబట్టి ఎవరూ పెట్టరు. కొన్నేళ్లకు ఇంట్లో ఒకరికి వీసా వస్తుంది. అప్పుడు చిప్ గుర్తొచ్చి క్లినిక్‌కి పరిగెత్తుతారు. అక్కడ టీకా పుస్తకం చూసి, "రేబిస్ టీకాకు ఇంకా ఆరు నెలలు గడువుంది కదా, చిప్ ఒక్కటి పెడితే చాలు" అంటారు. ఎంతోమంది ప్రయాణాన్ని ముంచింది ఆ ఒక్క మాటే. వైద్యం ప్రకారం చూస్తే డాక్టర్ గారి మాట నిజమే, ఆ టీకా కుక్కను కాపాడుతూనే ఉంటుంది. కానీ సరిహద్దు దగ్గర చూసేది రోగనిరోధక శక్తిని కాదు, తేదీల వరుసను.

ఇప్పటికే టీకా వేయించి ఉంటే దారి ఇదీ. ఈ రోజే చిప్ పెట్టించండి. స్కాన్ చేసి నంబరు కళ్లతో చూడండి. ఆ తర్వాత, పాత టీకాకు గడువున్నా సరే, రేబిస్ టీకా మళ్లీ వేయించండి. రెండూ ఒకే రోజు చేయించుకోవచ్చు. పుస్తకంలో మాత్రం ముందు చిప్ నంబరు స్టిక్కర్ అతికించి, చిప్ పెట్టిన తేదీ రాయించి, దాని కింద టీకా వివరాలు రాయించండి. "మళ్లీ ఎందుకు?" అని డాక్టర్ గారు అంటే, "విదేశానికి తీసుకెళ్తున్నాం, చిప్ తర్వాత వేసిన టీకానే ఒప్పుకుంటారు" అని మర్యాదగా చెప్పండి. కాదనరు.

చిప్ కూడా అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 11784, 11785 ప్రకారం ఉన్నదే అడగండి. వేరే రకమైతే అక్కడి స్కానర్ దాన్ని చదవలేకపోవచ్చు.

ఏ దేశానికి ఎంత ముందు మొదలుపెట్టాలి

జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ లాంటి యూరోపియన్ యూనియన్ దేశాలకు ఇండియా రేబిస్ ఉన్న దేశం కిందే లెక్క. అందుకే చిప్, టీకా అయ్యాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయించాలి. దాన్ని వాళ్లు గుర్తించిన ల్యాబ్‌కే పంపాలి. ఫలితం మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. అంటే అన్నీ సవ్యంగా జరిగినా నాలుగు నెలలు. చిప్ వరుస తప్పితే ఆ నాలుగు నెలలూ మళ్లీ మొదటి నుంచి. జర్మనీ కుటుంబానికి జరిగింది ఇదే.

బ్రిటన్‌కూ దాదాపు ఇదే లెక్క. దానికి తోడు, అక్కడ దిగడానికి 24 గంటల ముందు నుంచి 120 గంటల ముందు వరకు ఉన్న సమయంలో నులిపురుగుల మందు వేయించి, తేదీతో పాటు టైమ్ కూడా రాయించాలి. ముందు రోజు రాత్రి ఇంట్లో మనమే మాత్ర వేసేస్తే చెల్లదు, డాక్టరే వేసి రాయాలి. విమానంలో కుక్క బ్రిటన్‌లోకి మీ సీటు కింద కూర్చుని రాదు, కార్గోలోనే వస్తుంది.

అమెరికా నిబంధనలు 2024 ఆగస్టు 1 నుంచి మారాయి. కుక్కకు ఆరు నెలలు నిండాలి. ఇండియాలో టీకా వేసుకున్న కుక్కకు విదేశీ టీకా, మైక్రోచిప్ ధృవీకరణ పత్రం కావాలి, దాని మీద ప్రభుత్వ పశువైద్యాధికారి ఆమోదం ఉండాలి. అక్కడ నమోదైన జంతు సంరక్షణ కేంద్రంలో ముందే బుకింగ్ ఉండాలి. రక్తపరీక్ష లేకపోతే ఆ కేంద్రంలోనే 28 రోజుల క్వారంటైన్, ఖర్చు మీదే. పరీక్ష చేయించేట్టయితే మొదటి టీకా వేశాక కనీసం 30 రోజులు ఆగి తీసిన రక్తం, అదీ అమెరికాలో దిగడానికి 28 రోజుల ముందైనా తీసినది కావాలి. మన కుక్కలు దిగగలిగే విమానాశ్రయాలు ఆరే: న్యూయార్క్ జేఎఫ్‌కే, లాస్ ఏంజెలెస్, అట్లాంటా, మయామి, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డల్లస్. పేరు చూసి పొరబడకండి, ఈ డల్లస్ వేరు, మనవాళ్లు ఉండే టెక్సస్ డల్లాస్ వేరు. ఆ డల్లాస్ ఈ జాబితాలో లేదు. అబ్బాయి ఇల్లు అక్కడే అయినా కుక్క ముందు ఈ ఆరింటిలో ఒకచోట దిగాల్సిందే.

జపాన్‌కైతే చిప్ తర్వాత రెండు రేబిస్ టీకాలు, తర్వాత రక్తపరీక్ష, ఆపైన 180 రోజుల నిరీక్షణ. ఆస్ట్రేలియాకు ఇండియా నుంచి నేరుగా కుక్కను తీసుకెళ్లే వీలే లేదు, మధ్యలో వాళ్లు ఒప్పుకున్న ఇంకో దేశంలో నెలల తరబడి ఉంచాలి. ఉద్యోగం ఆస్ట్రేలియాలో అయితే కుక్క గురించి ఆఫర్ లెటర్ మీద సంతకం చేయకముందే ఇంట్లో మాట్లాడుకోండి.

ఇక్కడి నుంచి బయటపడటం

రేణిగుంట విమానాశ్రయం పేరులో అంతర్జాతీయం ఉంది గానీ కుక్క కాగితాల పని అక్కడ అవదు. కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్, ధృవీకరణ కార్యాలయం మనకు దగ్గరలో చెన్నైలో ఉంది. చిత్తూరు, పలమనేరు వాళ్లకు బెంగళూరు అనుకూలం. ఆరోగ్య పరీక్షకు తిరుపతిలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, బయట మంచి క్లినిక్‌లూ ఉన్నాయి. చివరి ముద్ర మాత్రం చెన్నైలోనో బెంగళూరులోనో పడాలి.

పుత్తూరు, తిరుత్తణి మీదుగా చెన్నైకి పగటిపూట కారులో తీసుకెళ్లేటప్పుడు ఎండను తక్కువ అంచనా వేయకండి. తెల్లవారుజామునే బయల్దేరండి. దారిలో టిఫిన్‌కి ఆగితే ఒకరు కుక్కతోనే ఉండాలి. అద్దాలు కొంచెం దించి వదిలేస్తే చాలనుకుంటారు, చాలదు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు ఎండకు ముందు పడిపోయేవి. చాలా విమాన సంస్థలు వాటిని కార్గోలో ఎక్కించుకోవు కూడా. టికెట్ కొనకముందే అడగండి.

ఇక మిగిలినవి గబగబా చెప్పేస్తాను. కొన్నింటికి కారణం చెప్తాను, కొన్నింటికి చెప్పను.

రక్తం తీసే ముందు చిప్ మళ్లీ స్కాన్ చేయించండి. ల్యాబ్‌కు పంపే కాగితం మీద ఆ నంబరు ఉండాలి. పదిహేను అంకెల్లో ఒక్కటి తారుమారైనా ఆ పరీక్ష వేరే కుక్కది అయిపోతుంది.

నంబరు చేత్తో రాయనివ్వకండి. చిప్‌తో వచ్చే బార్‌కోడ్ స్టిక్కర్లు పుస్తకంలోనే అతికించాలి.

టీకా స్టిక్కర్, బ్యాచ్ నంబరు, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న ముద్ర. నాలుగూ ఉండాలి.

రక్తపరీక్ష పాసైందని తర్వాతి టీకాను ఆలస్యం చేయకండి. గడువు ఒక్క రోజు దాటినా యూరప్‌కు ఆ పరీక్ష చెల్లదు. మళ్లీ టీకా, మళ్లీ 30 రోజులు, మళ్లీ రక్తం, మళ్లీ మూడు నెలలు.

"పాత తేదీ వేసి ఇస్తాం" అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. ఏజెంట్ అన్నా, తెలిసిన డాక్టర్ అన్నా అంతే. అక్కడ పట్టుబడితే కుక్కను తిప్పి పంపుతారు. తిప్పి పంపే ఖర్చూ మీదే.

ఏజెంట్‌కు డబ్బు కట్టే ముందు చిప్ తేదీ, టీకా తేదీ, రక్తం తీసే తేదీ, ప్రయాణం తేదీ ఒక కాగితం మీద వరుసగా రాయించుకోండి. "మేం చూసుకుంటాం సార్" అన్న మాట ఏ అధికారికీ చూపించలేరు.

"మేం ముందు వెళ్లి సర్దుకుంటాం, కుక్కను నెల తర్వాత మామయ్య పంపిస్తాడు" అనుకోకండి. యూరప్‌కైతే యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉంటే అది సొంత పెంపుడు జంతువు కింద రాదు, వ్యాపార దిగుమతి నిబంధనలు వర్తిస్తాయి.

పశువుల కొట్టంలో తిరిగే కుక్కైతే అమెరికా ప్రయాణానికి ముందు బాగా స్నానం చేయించండి. మన దేశంలో పశువులకు వచ్చే గాలికుంటు వ్యాధి ఉంది కాబట్టి కుక్క కాళ్లకు, బొచ్చుకు మట్టి, పేడ, గడ్డి ఉండకూడదు. క్రేట్‌లో వరిగడ్డి అసలు వేయకండి. చిత్తూరు వైపు ఆవులున్న ఇళ్లవాళ్లు ఇది రెండుసార్లు చదవండి.

గాయం ఉంటే మాననివ్వండి. పుండులో పురుగు లేదని ప్రయాణానికి ముందు ఐదు రోజుల లోపల పరీక్షించిన పత్రం అమెరికా అడుగుతుంది.

గోమార్లు, పిడుదులు ఒక్కటీ ఉండకూడదు. చెవుల లోపల, వేళ్ల మధ్య చూడండి.

మత్తు మందు ఇవ్వకండి. పైన గాలి ఒత్తిడిలో ఊపిరి, గుండె కొట్టుకోవడం దెబ్బతింటాయి. మత్తులో ఉన్న కుక్కను చూస్తే విమాన సంస్థ ఎక్కించుకోదు.

క్రేట్ ఇప్పుడే కొనండి. అందులో కుక్క నిలబడాలి, తిరగాలి, పడుకోవాలి. తలుపు తీసి హాల్లో పెట్టి, అన్నం అందులోనే పెట్టండి. ప్రయాణం రోజు మొదటిసారి లోపలికి తోస్తే దాని టెన్షన్‌కు మీరే కారణం.

క్రేట్ పైభాగం, కిందిభాగం కలిపేది ప్లాస్టిక్ క్లిప్పులైతే తీసేసి ఇనుప బోల్టులు బిగించండి.

జాతి ఏమిటో డాక్టర్‌తో స్పష్టంగా రాయించండి. పిట్‌బుల్, ఎక్స్‌ఎల్ బుల్లీ లాంటివాటికి బ్రిటన్‌లో నిషేధం ఉంది. వీధికుక్కను పెంచుకున్నవాళ్లు "దేశీ" అనే రాయించండి, గొప్పకు ఏదో జాతి పేరు తగిలించకండి.

ఆరోగ్య పత్రం ముందే తెచ్చి బీరువాలో పెట్టకండి. యూరప్ ఆరోగ్య పత్రం జారీ అయిన పది రోజుల్లోపు అక్కడ దిగాలి.

ప్రతి కాగితం రెండు సెట్లు. ఒకటి క్రేట్ పైన అంటించాలి, ఒకటి మీ చేతిలో ఉండాలి. ఫోన్‌లో ఫొటోలు వేరే.

చిప్ ముందు. టీకా తర్వాత. ఇంట్లో రెండు కుక్కలుంటే రెండింటికీ.

కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లు, ఇంట్లో ఎవరైనా విదేశాలకు వెళ్లే అవకాశం ఉందనిపిస్తే, మొదటి రేబిస్ టీకా రోజే దానికి ముందు చిప్ పెట్టించండి. వీసా వచ్చేదాకా ఆగకండి.

తిరిగి వచ్చేటప్పుడు కూడా చెప్పకుండా రావొద్దు. ఇండియాలోకి కుక్కను తేవాలంటే విమానం ఎక్కకముందే ఇక్కడి క్వారంటైన్ కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకోవాలి. దిగాల్సింది చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా లాంటి, క్వారంటైన్ కార్యాలయం ఉన్న విమానాశ్రయాల్లోనే. అమ్మమ్మ ఇల్లు ఎయిర్‌పోర్టు పక్కనే ఉందని రేణిగుంటకు బుక్ చేయకండి.