తామరకు ట్యూబ్ కొనేముందు దాని మీది పేరు చదవండి

వానాకాలం వస్తే మా హన్మకొండలో నడుము దగ్గర, గజ్జల్లో గోక్కునేవాళ్లే ఎక్కువ. ఎర్రగా, గుండ్రంగా ఉండి అంచు కాస్త లేచి ఉంటే చాలావరకు అది తామరే, అంటే ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధి. మెడికల్ షాపువాళ్లు ఇచ్చే ట్యూబ్ మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ అని ఉంటే వద్దనండి. అవి స్టెరాయిడ్లు. దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, ఫంగస్ మాత్రం చల్లగా పక్కకు పాకుతుంది. నేనూ అలాగే మోసపోయాను.

ఫంగస్‌ను చంపే మందు క్లోట్రిమజోల్ ఒక్కటే ఉన్న క్రీమ్ చాలు. ఫంగస్ బతికేది చర్మం పై పొరలోని కెరటిన్ అనే ప్రోటీన్ మీద, కనిపించే మచ్చ దాటి కూడా అది పాకి ఉండొచ్చు. అందుకే మచ్చ అంచు దాటి 2 సెంటీమీటర్ల దాకా రాయాలి, మచ్చ పోయాక కూడా 2 వారాలు ఆపొద్దు. ఇంట్లో ఒకే తువ్వాల అందరూ వాడితే ఎన్ని ట్యూబులైనా దండగే. ఒళ్లంతా పాకితే మాత్రం చర్మం డాక్టరుకు చూపించండి.