బోర్డర్ కాలీని తెచ్చుకునే ముందు
ఫొటో చూసి ముచ్చటపడి తెచ్చేసుకోకండి. ఇంగ్లండ్, స్కాట్లాండ్ సరిహద్దు కొండల్లో గొర్రెలు కాయడానికి పెంచిన కుక్కల జాతి ఇది, 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్క నేటి బోర్డర్ కాలీలకు తాతలాంటిది. మొరగకుండా, ఒళ్లు వంచి, రెప్ప వేయకుండా చూస్తూ మందని కదిలిస్తుంది. మరి ఇంట్లో గొర్రెలుండవుగా? పిల్లల్నీ, రోడ్డు మీద బైకుల్నీ తోలడానికి పోతుంది, అందుకే బయట గొలుసు వదలొద్దు. రోజూ రెండు గంటల పరుగు, దాంతోపాటు దాచిన బొమ్మ వెతికించడం లాంటి బుర్రకి పని కావాలి, లేదంటే సోఫా చీరేస్తుంది (తప్పు దానిది కాదు, మీదే). వారానికి రెండుసార్లు దువ్వండి. ఎండాకాలం తెల్లవారుజామునే తిప్పండి, బొచ్చు మాత్రం గొరిగించకండి. కొన్ని కాలీలకు జన్యులోపం వల్ల ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు పడదు, డాక్టర్‌ని అడగకుండా వేయొద్దు.